సూపర్ బౌల్ పార్టీకి బేకన్‌తో తేలిగ్గా అయ్యే స్నాక్స్ చెప్పండి

ఫ్రిస్కో_పద్మ
వచ్చే ఆదివారం మా ఇంట్లో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ మ్యాచ్) చూడ్డానికి 20 మంది దాకా వస్తున్నారు. సగం మా ఆయన ఆఫీసు వాళ్లు, అమెరికన్లు. మిగతా సగం మన తెలుగు కుటుంబాలు. వాళ్లలో ముగ్గురు శాకాహారులు, ఒక కుటుంబం ముస్లింలు. ఎప్పుడూ సమోసా, చికెన్ 65, మిర్చి బజ్జీ చేస్తాను. ఈసారి ఆఫీసు వాళ్లు బేకన్‌తో (ఉప్పులో ఊరబెట్టి పొగ పట్టించిన పంది మాంసం ముక్కలు) ఏదైనా ఉంటే బాగుంటుందన్నారట. మేమూ పిల్లలూ తింటాం కానీ పొద్దున్న గుడ్లతో పాటు నాలుగు ముక్కలు పెనం మీద వేయించుకోవడం వరకే. పెనం మీదైతే కొవ్వు చిందుతుంది, ఇల్లంతా పొగ, అలారం మోగుతుంది. అంతమందికి అలా నిలబడి వేయించడం నా వల్ల కాదు. చేత్తో తీసుకుని తినేవి, ముందు రోజే సగం పని అయిపోయేవి కావాలి. టెన్షన్ లేకుండా అయ్యేవి చెప్పండి.

ఓవెన్_ఓబులేసు
పెనం పక్కన పెట్టేయండి. ఓవెన్ 400 డిగ్రీల ఫారెన్‌హీట్. అంచులున్న బేకింగ్ ట్రే మీద ఫాయిల్ వేసి, ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన పరచండి. మామూలు బేకన్ 15 నిమిషాలు, థిక్ కట్ (మందంగా కోసినది) అయితే 20 దాకా. తిప్పే పని కూడా లేదు. అంచులు లేని ట్రే మాత్రం వద్దు. కరిగిన కొవ్వు ఓవెన్ అడుగున పడితే మంట లేస్తుంది.

కడప_కారం
చల్లటి ఓవెన్‌లోనే ట్రే పెట్టి అప్పుడు ఆన్ చేయండి. కొవ్వు నిదానంగా కరుగుతుంది, ముక్కలు ముడుచుకోవు.

ఓవెన్_ఓబులేసు
@కడప_కారం రోజూ ఇంట్లో తినడానికైతే అలాగే చేసుకోవచ్చు. పార్టీ రోజు వద్దు. ఒక్కో ఓవెన్ ఒక్కో వేగంతో వేడెక్కుతుంది, టైం చెప్పడం కష్టం. ఒకదాని తర్వాత ఒకటి మూడు ట్రేలు పెట్టే మనిషికి లెక్క కచ్చితంగా ఉండాలి.

జెర్సీ_గరిటె
హలపీన్యో పాపర్స్ చేయండి పద్మ గారూ. మన మిర్చి బజ్జీ తినేవాళ్లకి నచ్చకుండా ఉండదు, అమెరికన్లకి ఎలాగూ ఇష్టమే.

12 హలపీన్యోలు నిలువుగా చీల్చి, గింజలు చెంచాతో గీకేయండి. 8 ఔన్సుల క్రీమ్ చీజ్ మెత్తబడ్డాక ఒక కప్పు తురిమిన చెడ్డర్, తరిగిన ఉల్లికాడలు, కాస్త వెల్లుల్లి పొడి కలపండి. ఉప్పు వేయొద్దు, చీజ్‌లోనూ బేకన్‌లోనూ ఉన్నది చాలు. ఈ ముద్ద మిరపకాయల్లో నింపి, సగానికి కోసిన బేకన్ ముక్క ఒక్కోదానికి చుట్టి, చివర కిందికి వచ్చేలా ట్రేలో పెట్టండి. 400 డిగ్రీల్లో 20 నుంచి 25 నిమిషాలు. 12 కాయలకి 24 పాపర్స్, 12 బేకన్ ముక్కలు.

రెండు సంగతులు గట్టిగా చెప్తున్నా. ఒకటి, చుట్టడానికి థిక్ కట్ కొనకండి. అది కరకరలాడే లోపు మిరపకాయ మెత్తబడి కూలిపోతుంది, చీజ్ అంతా బయటికొస్తుంది. రెండు, గింజలు తీసేటప్పుడు గ్లోవ్స్ వేసుకోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ.

శనివారం రాత్రి చుట్టేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఆదివారం ఓవెన్‌లోకి తోయడమే.

కడప_కారం
హలపీన్యో కారమా అసలు? కారం కొలిచే స్కోవిల్ లెక్కలో 2,500 నుంచి 8,000 మధ్య ఉంటుంది. మన గుంటూరు మిరపకాయ ముందు అదెక్కడ. సెరానో వాడండి.

జెర్సీ_గరిటె
@కడప_కారం సెరానో సన్నగా ఉంటుంది, లోపల చీజ్ పట్టదు. కారం చాలని వాళ్లకి పక్కన మీ కడప కారప్పొడి గిన్నెలో పెట్టిస్తాం లెండి.

కడప_కారం
గిన్నె కాస్త పెద్దది పెట్టించండి :)

లీడ్స్_లత
ఇక్కడ క్రిస్మస్ వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ పిగ్స్ ఇన్ బ్లాంకెట్స్ ఉండాల్సిందే. వేలెడంత చిపొలాటా సాసేజ్‌కి బేకన్ చుట్టి ఓవెన్‌లో పెడతారు. పిల్లలు టర్కీ వదిలేసి వాటి కోసం కొట్టుకుంటారు. మీకు అక్కడ కాక్‌టెయిల్ సాసేజ్‌లు దొరుకుతాయి కదా, వాటితో చేయండి. పైన కాస్త తేనె, ఆవాల ముద్ద కలిపి పూస్తే ఇంకా బాగుంటుంది.

యూకేలో ఉండి చదివేవాళ్లకి ఒక మాట: చుట్టడానికి స్ట్రీకీ బేకన్ (పొట్ట భాగం, కొవ్వు చారలుండేది) మాత్రమే కొనండి. ఇక్కడ మామూలుగా దొరికే బ్యాక్ బేకన్ వీపు వైపు మాంసం, కొవ్వు తక్కువ. అది బటర్ రాసిన మెత్తటి బన్నులో బ్రౌన్ సాస్‌తో తినడానికి బ్రహ్మాండం. చుడితే మాత్రం ఎండిపోతుంది.

టొరంటో_శారద
మా ఊళ్లో సెయింట్ లారెన్స్ మార్కెట్‌లో పీమీల్ బేకన్ శాండ్‌విచ్ తినడానికి శనివారాలు లైన్లు కడతారు. బయట మొక్కజొన్న పిండి అద్ది ఉంటుంది, పొగ పట్టించరు. టొరంటో వస్తే వదలకండి. పార్టీ స్నాక్‌కి పనికిరాదు లెండి, చెప్పకుండా ఉండలేక చెప్పా.

వైజాగ్_వెన్నెల
మెజూల్ ఖర్జూరాలు! గింజ తీసి, లోపల ఒక వేయించిన బాదం పప్పు లేదా కాస్త గోట్ చీజ్ పెట్టి, సగం బేకన్ ముక్క చుట్టి, టూత్‌పిక్ గుచ్చండి. 400 డిగ్రీలు, 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. టూత్‌పిక్‌లు ముందే నీళ్లలో నానబెడితే మాడవు. తీపి, ఉప్పు, పొగ వాసన, లోపల పప్పు కరకర. ఇంతకంటే తక్కువ పనితో ఇంతకంటే మంచి స్నాక్ నాకు తెలీదు.

జెర్సీ_గరిటె
@వైజాగ్_వెన్నెల గోట్ చీజ్ వద్దు, బాదమే. చీజ్ పెడితే ఖర్జూరం రుచి పోతుంది.

వైజాగ్_వెన్నెల
అసలు ఒప్పుకోను. గోట్ చీజ్ పులుపే ఆ తీపిని ఆపేది. చీజ్ లేకపోతే మూడోది తినేసరికి మొహం మొత్తుతుంది.

లీడ్స్_లత
ఇక్కడ ఖర్జూరం బదులు ప్రూన్స్‌తో (ఎండబెట్టిన ప్లమ్ పళ్లు) చేస్తారు, డెవిల్స్ ఆన్ హార్స్‌బ్యాక్ అంటారు. ప్రూన్‌లో పులుపు సహజంగానే ఉంటుంది. మీ ఇద్దరి గొడవా తీరిపోతుంది.

నల్గొండ_నవీన్
ఆసక్తి కొద్దీ అడుగుతున్నా, తప్పుగా అనుకోకండి. మన తెలుగోళ్లలో ఇంతమంది పంది మాంసం తింటారా? మా ఇంట్లో ఆ మాటే ఎత్తనివ్వరు.

పెద్దకుండ
తినేవాళ్లు ఎప్పటినుంచో తింటున్నారు నవీన్. మా ఇంట్లో అమ్మమ్మ కాలం నుంచీ పండక్కీ పెళ్లికీ పంది కూర ఉంది. ఊళ్లో దాన్నీ, అది వండుకునేవాళ్లనీ తక్కువగా చూశారు కాబట్టి బయట చెప్పుకోలేదు, అంతే. అదే మాంసం ప్యాకెట్‌లో బేకన్ పేరుతో వస్తే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. తినని వాళ్ల మీద నాకు కోపం లేదు, అది వాళ్ల ఇష్టం. కానీ బేకన్ ఇష్టంగా తినేవాళ్లు మా కూరని కూడా అంతే గౌరవంగా చూడాలి. ఈ మాట చాలా రోజుల నుంచి చెప్పాలనుకుంటున్నా.

ఇంకో సంగతి. నూనె వేయకుండా, సన్నటి సెగ మీద ముక్కని దాని కొవ్వులోనే వేగనివ్వాలని మా అమ్మమ్మకి ఎవరూ నేర్పలేదు. బేకన్ కిటుకంతా సరిగ్గా అదే. పెనం మీద చేయాలనుకునేవాళ్లు చల్లటి పెనంలో ముక్కలు పరిచి, అవి మునిగేటట్టు కాసిని నీళ్లు పోసి స్టవ్ వెలిగించండి. నీళ్లు ఇంకేలోపు కొవ్వు కరుగుతుంది, తర్వాత మంట తగ్గించి వేగనివ్వండి. చిందడం బాగా తగ్గుతుంది.

నల్గొండ_నవీన్
మంచి మాట చెప్పిండ్రు అన్నా. మీ అమ్మమ్మ కూర ఎట్ల చేస్తదో కూడా రాయండి.

పెద్దకుండ
రాస్తా, దానికి వేరే చర్చ తెరుస్తా. బేకన్‌తో మాత్రం ఆ కూర చేయొద్దు. బేకన్ ఉప్పులో ఊరి, పొగ పట్టిన మాంసం, పులుసంతా ఉప్పైపోతుంది. అదే పొట్ట భాగం, ఉప్పు పట్టించనిది, పోర్క్ బెల్లీ అని దొరుకుతుంది. అది కొనాలి.

ఫ్రిస్కో_పద్మ
పెద్దకుండ గారూ, మీ మాట మనసుకి తాకింది. ఆ చర్చ తెరిచినప్పుడు ఇక్కడ లింకు పెట్టండి, తప్పకుండా వండుతాను.

పాపర్స్, ఖర్జూరాలు ఖాయం. శాకాహారుల సంగతి, ముస్లిం కుటుంబం సంగతి ఎవరూ చెప్పలేదు.

పాలకూర_పప్పు
నేను పూర్తి శాకాహారిని, ఇలాంటి పార్టీలకి చాలా వెళ్తుంటాను, నా వైపు నుంచి చెప్తాను. మాకోసం ప్రత్యేకంగా ఏదో గొప్పగా చేయక్కర్లేదు. మాకు అనుమానం లేకుండా చేయండి, అది చాలు.

ముందు శాకాహారం ట్రే ఓవెన్‌లో పెట్టి తీసేయండి, తర్వాత బేకన్ పెట్టండి. పటకార్లు వేరు. బల్ల మీద ఒక చివర మావి, ఇంకో చివర బేకన్‌వి, మధ్యలో చిప్స్, పళ్లు. చీటీలు రాసి పెట్టండి. అడిగి తెలుసుకోవాల్సిన పని లేకపోతే మాకెంత హాయిగా ఉంటుందో చెప్పలేను. పాపర్స్‌లో సగం బేకన్ లేకుండా పైన బ్రెడ్ పొడి చల్లి చేయండి, అవే మాకు విందు.

చిన్న జాగ్రత్త: కొన్ని చీజ్‌లలో జంతువుల రెన్నెట్ (పాలు గడ్డకట్టించడానికి వేసేది) ఉంటుంది. కచ్చితంగా పాటించేవాళ్లు వస్తుంటే ప్యాకెట్ మీద మైక్రోబియల్ లేదా వెజిటబుల్ రెన్నెట్ అని ఉందో లేదో చూడండి. అమెరికన్ పార్టీల్లో బేక్డ్ బీన్స్, గ్రీన్ బీన్స్ చూడగానే మనవాళ్లు వడ్డించేసుకుంటారు. చాలాసార్లు వాటిలో బేకన్ ముక్కలుంటాయి. ఎవరైనా అవి తెస్తే ముందే అడిగి చీటీ పెట్టండి.

చార్మినార్_చాయ్
ముస్లిం కుటుంబం గురించి: వాళ్లని ముందే ఫోన్ చేసి అడగండి పద్మక్కా, మొహమాటం వద్దు. మేమైతే అడిగితే సంతోషిస్తాం. టర్కీ బేకన్ పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పంది కాకపోయినా అది హలాల్ కావాలి కదా. హలాల్ షాపుల్లో బీఫ్ బేకన్ దొరుకుతుంది, కానీ మీ మిగతా అతిథుల్లో బీఫ్ తిననివాళ్లు ఉండొచ్చు. అన్నిటికంటే సులువు, హలాల్ చికెన్‌తో మీ చికెన్ 65 వేరే నూనెలో చేసేయండి. అది తినని తెలుగువాడు, తినని అమెరికన్ నాకు ఇంతవరకు కనబడలేదు.

ఫ్రిస్కో_పద్మ
రేపే ఫోన్ చేస్తాను. చికెన్ 65 తప్పించుకుందామనుకున్నా, కుదరేట్టు లేదు :)

ఆస్టిన్_అమ్మాయి
క్యాండీడ్ బేకన్ ఎవరూ చెప్పలేదేంటి! దీనికి థిక్ కట్టే కావాలి. ముక్కల మీద బ్రౌన్ షుగర్, మిరియాల పొడి, చిటికెడు కారం చల్లి వేళ్లతో అద్దండి. ట్రేలో పార్చ్‌మెంట్ పేపర్, ఓవెన్ 350 డిగ్రీలే. 400 అయితే బేకన్ వేగే లోపు చక్కెర మాడి చేదొస్తుంది. 30 నిమిషాల దాకా పడుతుంది, చివర్లో కళ్లార్పకుండా చూడాలి. తీసి జాలీ మీద ఆరబెట్టండి. టిష్యూ పేపర్ మీద పెట్టారంటే అతుక్కుపోతుంది, కాగితంతో సహా తినాల్సిందే. ఆరాక గట్టిపడుతుంది, నిలబెట్టి గ్లాసుల్లో పెడితే పిల్లలు ఒక్కోటి లాక్కుపోతారు.

వాకింగ్_శాస్త్రి
అందరూ రుచి గురించే మాట్లాడుతున్నారు. 2015లో డబ్ల్యూహెచ్‌ఓకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ బేకన్, సాసేజ్, హామ్ లాంటి ప్రాసెస్డ్ మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. పిల్లలకి పెట్టేముందు ఆలోచించండి.

ఓవెన్_ఓబులేసు
శాస్త్రి గారు చెప్పింది నిజమే. మొదటి గ్రూపు అంటే ఆధారం బలంగా ఉందని, సిగరెట్టంత ప్రమాదమని కాదు. ఆ 18 శాతం కూడా రోజూ తినేవాళ్లకి, అప్పటికే ఉన్న ముప్పు మీద పెరుగుదల. ఏడాదికోసారి పార్టీలో తినడం వేరు, రోజూ పొద్దున్నే తినడం వేరు.

వాకింగ్_శాస్త్రి
ఒప్పుకుంటాను. కానీ మాంసం నిలవ ఉండటానికి వేసే నైట్రైట్ లేదని, అన్‌క్యూర్డ్ అని రాసిన ప్యాకెట్ కొని నిశ్చింతగా ఉండేవాళ్లు ఎక్కువయ్యారు. వాటిలో చాలావరకు సెలెరీ పొడి వేస్తారు, అందులోంచీ వచ్చేది నైట్రైటే. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి.

బోస్టన్_భాస్కర్
శాస్త్రి గారూ, పొద్దున్నే బేకన్ తినే అలవాటుని పెంచడంలో ప్రకటనల చేయి చాలా ఉంది. 1920లలో బీచ్‌నట్ కంపెనీ బేకన్ అమ్మకాలు పెంచమని ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడిని పెట్టుకుంది. ఆయన ఒక డాక్టరు చేత వేలమంది డాక్టర్లకి ఉత్తరాలు రాయించాడు, తేలికైన టిఫిన్ మంచిదా, కడుపునిండా తినడం మంచిదా అని. ఎక్కువమంది కడుపునిండా అన్నారు. ఆ జవాబుని బేకన్, గుడ్లకి ముడిపెట్టి పత్రికల్లోకి ఎక్కించాడు.

జెర్సీ_గరిటె
చరిత్ర బాగుంది భాస్కర్ గారూ, పద్మ గారికి ఇంకో వంటకం చెప్పండి ముందు.

బోస్టన్_భాస్కర్
చెప్తాను, నేను పార్టీల కంటే చలికాలం సాయంత్రాల మనిషిని. లోడెడ్ బంగాళాదుంప సూప్. ఫిబ్రవరిలో మ్యాచ్ చూస్తూ చేతిలో వేడి కప్పు ఉంటే అంతకంటే ఏం కావాలి.

పెద్ద రసెట్ దుంపలు ఐదు ఓవెన్‌లోనో మైక్రోవేవ్‌లోనో ఉడికించి చిదమండి, కాసిని ముక్కలు ముక్కలుగానే ఉంచండి. గిన్నెలో 6 బేకన్ ముక్కలు తరిగి వేయించి పక్కకి తీయండి. అడుగున మిగిలిన కొవ్వు రెండు టేబుల్‌స్పూన్లు ఉంచి, ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు మగ్గనిచ్చి, మూడు టేబుల్‌స్పూన్ల మైదా వేసి పచ్చివాసన పోయేదాకా కలపండి. నాలుగు కప్పుల పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా తిప్పాలి. తర్వాత దుంపలు, మిరియాలు, ఒక కప్పు చెడ్డర్, చివర్లో సోర్ క్రీమ్. సోర్ క్రీమ్ వేశాక మరిగించొద్దు, విరుగుతుంది. అట్ల పిండి చిక్కదనంలో ఉండాలి, మరీ గట్టిపడితే పాలు పోసుకోవచ్చు.

పద్మ గారి ఇంటికైతే బేకన్ కొవ్వు బదులు వెన్నతో చేయండి. వేయించిన బేకన్ ముక్కలు, ఉల్లికాడలు, చీజ్ వేరు వేరు గిన్నెల్లో పక్కన పెట్టండి. ఎవరికి కావాల్సింది వాళ్లు పైన వేసుకుంటారు. ఒకే కుండ అందరికీ సరిపోతుంది.

పాలకూర_పప్పు
భాస్కర్ గారూ, ఈ ఒక్కటి చాలు. ఇలా ఆలోచించేవాళ్ల ఇంటికి ఎన్నిసార్లయినా వెళ్తాం. బేకన్ గిన్నె మాత్రం సూప్ పక్కన కాకుండా మా చివరకి దూరంగా పెట్టించండి, చెంచాలు కలిసిపోతాయి.

కడప_కారం
ఆ సూప్‌లో పచ్చిమిర్చి వేయాలి.

బోస్టన్_భాస్కర్
@కడప_కారం మీరు వేసుకోండి, నేను ఆపను.

కాకినాడ_కుర్రోడు
పార్టీ అయిపోయాక సోమవారం రాత్రికి నా వంటకం. మిగిలిన అన్నం, మిగిలిన బేకన్. బేకన్ తరిగి వేయిస్తే వచ్చే కొవ్వులోనే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, రెండు గుడ్లు, చల్లారిన అన్నం, పైన మిరియాలు. అల్లం వెల్లుల్లి ముద్ద కూడా వేస్తా. పది నిమిషాల్లో అయిపోతుంది. ఆఫీసులో ఎంత చెడ్డ రోజైనా ఇది తింటే మనిషిని అవుతా.

పెద్దకుండ
అల్లం వెల్లుల్లి ముద్ద ఎందుకు తమ్ముడూ? బేకన్ కొవ్వులో అది అడుగంటి మాడుతుంది, పొగ వాసనని కూడా మింగేస్తుంది. సన్నగా తరిగిన వెల్లుల్లి రెండు రెబ్బలు చాలు.

కాకినాడ_కుర్రోడు
ముద్ద లేకుండా నాకు అన్నం దిగదు అన్నా. సరే, ఒకసారి మీరు చెప్పినట్టే చేసి చూస్తా.

ఆస్టిన్_అమ్మాయి
ట్రేలో మిగిలిన కొవ్వు ఎవరూ సింకులో పోయకండి ప్లీజ్. పైపులో గడ్డకట్టి మూసుకుపోతుంది. 2017లో లండన్ వైట్‌చాపెల్ మురుగు కాలువలో ఇలాంటి కొవ్వు, తడి టిష్యూలు కలిసి 250 మీటర్ల పొడవు, 130 టన్నుల గడ్డ బయటపడింది. కొవ్వు కాస్త చల్లారాక వడకట్టి గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. కార్న్‌బ్రెడ్‌కీ, గుడ్లకీ, దుంపల వేపుడుకీ అద్భుతంగా ఉంటుంది. ఇక్కడ టెక్సస్ పాత ఇళ్లలో స్టవ్ పక్కన దీనికోసమే ఒక డబ్బా ఉండేది.

బోస్టన్_భాస్కర్
రెండో ప్రపంచ యుద్ధంలో ఆ కొవ్వుని ఇళ్ల నుంచి సేకరించారు కూడా. మాంసం కొట్లో ఇస్తే అక్కడి నుంచి వెళ్లేది. అందులోంచి తీసిన గ్లిజరిన్‌తో పేలుడు పదార్థాలు చేసేవారు.

జెర్సీ_గరిటె
భాస్కర్ గారికి చరిత్ర ఆగదు :) పద్మ గారూ, సరుకుల లెక్క వేశాను. బేకన్ తినేవాళ్లు పన్నెండు మంది అనుకుందాం. మామూలు బేకన్ ఒక పౌండు ప్యాకెట్‌లో 16 నుంచి 20 ముక్కలుంటాయి. పాపర్స్‌కి ఒకటి, ఖర్జూరాలకి ఒకటి, సూప్ పైకి ఆ రెండింటిలో మిగిలినవి. క్యాండీడ్ బేకన్‌కి థిక్ కట్ ఒక ప్యాకెట్. మొత్తం మూడు పౌండ్లు. ఇంతకు మించి కొనకండి, ఇది ఉప్పుగా, కొవ్వుగా ఉంటుంది, ఎవరూ ఎక్కువ తినలేరు.

ఫ్రిస్కో_పద్మ
రాసుకున్నాను. శనివారం పాపర్స్, ఖర్జూరాలు చుట్టి ఫ్రిజ్‌లో పెడతాను, క్యాండీడ్ బేకన్ కూడా ఆ రోజే. ఆదివారం మధ్యాహ్నం సూప్, తర్వాత చికెన్ 65. బేకన్ లేని పాపర్స్ ముందు ఓవెన్‌లోకి వెళ్తాయి.

ఓవెన్_ఓబులేసు
క్యాండీడ్ బేకన్ ఆదివారం పొద్దున్న చేయండి. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంటే చక్కెర తేమ పీల్చి మెత్తబడుతుంది. మిగతావి ఒకేసారి అన్నీ బయట పెట్టకండి. వండిన మాంసం గది వేడిలో రెండు గంటలకి మించి ఉండకూడదు. మ్యాచ్ మొదట్లో ఒక ట్రే, హాఫ్‌టైమ్‌కి రెండో ట్రే.

హైదరాబాద్_హేమ
ఇదంతా చదివి నోరూరుతోంది. ఇక్కడ పెద్ద సూపర్ మార్కెట్లలో గడ్డకట్టిన బేకన్ దొరుకుతోంది కానీ మా ఇంట్లో ఓవెన్ లేదు, ఎయిర్ ఫ్రయర్ ఉంది. ఖర్జూరాలు అందులో అవుతాయా?

వైజాగ్_వెన్నెల
బ్రహ్మాండంగా అవుతాయి హేమ. ప్యాకెట్ ముందు రోజు ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వండి, గడ్డకట్టిన ముక్క చుట్టబోతే విరిగిపోతుంది. 190 డిగ్రీల సెల్సియస్‌లో 10 నుంచి 12 నిమిషాలు, ఒకదానికొకటి తగలకుండా. టూత్‌పిక్ లోపలిదాకా గట్టిగా గుచ్చండి, ఫ్యాన్ గాలికి బేకన్ చివర లేస్తుంది. పొగ వస్తే అడుగు గిన్నెలో కొవ్వు నిండిందని, తీసి ఒంపేసి మళ్లీ పెట్టండి.

హైదరాబాద్_హేమ
గోట్ చీజ్ దొరకదు, పనీర్ పెట్టొచ్చా?

వైజాగ్_వెన్నెల
పనీర్‌లో పులుపు లేదు. చిక్కటి పెరుగు గుడ్డలో రాత్రంతా వేలాడదీసి, ఆ ముద్దలో చిటికెడు ఉప్పు కలిపి పెట్టండి. కొంచెమే, అర చెంచా కూడా వద్దు, లేకపోతే బయటికి కారుతుంది.

జెర్సీ_గరిటె
లేదా బాదం.